మౌసు ముట్టని మా బావ

మా బావ వర్డ్ ప్రాసెసర్ ముట్టుకోడు. ప్రాణం పోతున్నా ముట్టుకోడు. ప్రాణం పోయాక ఆ కబురు నలుగురికీ తెలియజేసే కాగితం ఎవరైనా అందులో కొడితే, లేచి కూర్చుని ‘ముందు అది చెరపండి’ అంటాడని మా అక్క గట్టి నమ్మకం.

మనమంతా ఏం చేస్తాం? కంప్యూటరు తెరమీద తెల్లకాగితంలాంటిది తెరిచి టకటకా కొట్టుకుపోతాం. శీర్షిక వచ్చినచోట మౌసుతో పట్టుకుని లావు చేస్తాం, మధ్యకి తోస్తాం, సరదా పుడితే రంగు పూస్తాం. తెరమీద ఏది కనిపిస్తే కాగితం మీద అదే వస్తుంది. మా బావ తెర అలా ఉండదు. చక్కెర ఒలికినచోట చీమలు పట్టినట్టుంటుంది. ప్రతి ముక్క ముందూ ఒక వాలుగీత, దాని పక్కన ఒక ఆజ్ఞ, ఆ పక్కన మీసాల్లాంటి బ్రాకెట్లు. ‘ఇది అధ్యాయం’, ‘ఇది పట్టిక మొదలు’, ‘ఇది పట్టిక ఆఖరు’ అని పేర్లు పెట్టుకుంటూ పోతాడు. చివర్లో ఒక మీట నొక్కితే ఆ చీమలన్నీ బారులు తీరి అచ్చుపుస్తకమై బయటికొస్తాయి. లేదా, ఒక్క బ్రాకెట్టు మూయడం మరిచిపోతే, ఏదీ రాదు. బావ నోటి నుంచి మాటలు మాత్రం వస్తాయి.

వృత్తివిద్యల పాఠ్యపుస్తకాలు అచ్చువేసే సంస్థలో మేమిద్దరం పనిచేస్తాం. పేజీలు కట్టే గదిలో ఆయన కిటికీ పక్కన, నేను తలుపు పక్కన. ఆఫీసులో అందరూ ఆయన్ని ‘వాలుగీత గారు’ అనేవారు. మొదట చాటుగా అన్నారు. తర్వాత ఎదురుగానే అన్నారు. చివరికి నోటీసుబోర్డు మీదా అదే పేరు ఎక్కింది. బావ దాన్ని చూసి, పేరు సరిగ్గా మధ్యలో లేదని కోప్పడ్డాడు.

నేను చేరిన మొదటిరోజే నా తెరలోకి తొంగిచూసి, “ఒరేయ్, నీ మేనల్లుణ్ణి ఎవరికైనా చూపించాలంటే ఏమంటావు?” అని అడిగాడు.

“మా మేనల్లుడు అంటాను.”

“అంతేగా? ‘ఐదడుగుల పొడుగు, చామనఛాయ, నీలం చొక్కా’ అనవుగా? రేపు చొక్కా మారిస్తే మేనల్లుడు కాకుండా పోతాడా? నువ్విప్పుడు చేస్తున్నదదే. శీర్షిక అని చెప్పట్లేదు. లావుగా, పొడుగ్గా, మధ్యలో నిలబడ్డవాడు అంటున్నావు. నేను ‘వీడు శీర్షిక’ అని చెప్పి ఊరుకుంటా. చొక్కా సంగతి వేరేచోట రాసుకుంటా. అక్కడ ఒక్క లైను మారిస్తే పుస్తకంలో ఉన్న మేనల్లుళ్ళందరికీ చొక్కాలు మారతాయి.”

“వర్డ్ ప్రాసెసర్‌లోనూ అలా పేర్లు పెట్టే సదుపాయం ఉంది బావా.”

“ఉంది. నువ్వెప్పుడైనా వాడావా?”

“లేదు.”

“ఎవరైనా వాడగా చూశావా?”

“లేదు.”

“మరి ఉన్నట్టా, లేనట్టా?”

ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం?

పుస్తకాలతో ఆగితే బాగుండేది. ఒకసారి జ్వరమొచ్చి సెలవు చీటీ పంపాడు. దానికి విభాగాలు, ముందు ఒక విషయసూచిక. మొదటి విభాగంలో ‘కారణానికి రెండో విభాగం చూడుడు’ అని ఉంది. రెండో విభాగంలో ‘జ్వరం’ అని ఒకటే మాట, దాని నెత్తిన చిన్న చుక్క, అట్టడుగున పాదసూచిక: ‘చలితో కూడినది’.

అప్పటి పాత మేనేజరు ఫోన్ చేసి, “ఇది సెలవు చీటీయా, సిద్ధాంత గ్రంథమా?” అని అడిగితే, “దాచిపెట్టుకోండి సార్. మళ్ళీ జ్వరమొస్తే తేదీ మారిస్తే చాలు” అన్నాడు మూలుగుతూ.

ఇంట్లో పైభాగం అద్దెకిద్దామని అక్క ఒక బోర్డు రాయమంది. ‘ఇల్లు అద్దెకు ఇవ్వబడును’, అంతే. ఆ మూడు మాటల మధ్య ఖాళీలు సమంగా రావాలని బావ మూడురోజులు కూర్చున్నాడు. బోర్డు అద్భుతంగా వచ్చింది. దాన్ని తగిలించడానికి గుమ్మంలోకి వెళ్ళేసరికి, ఇల్లు వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు పక్కింట్లో సామాను దించుకుంటున్నారు. పక్కింటాయన గోడమీద సుద్దముక్కతో రాశాడట.

“చూశారా?” అంది అక్క.

“చూశా. ‘అద్దె’కి ‘ద’ ఒత్తు వంకరగా పెట్టాడు” అన్నాడు బావ.

బావ పద్ధతిలో తెరిచిందల్లా మూయాలట. ‘మొదలు’ అని రాస్తే ‘ఆఖరు’ అని రాసి తీరాలి. ఆ అలవాటు ఆయన చేతుల్లోకి దిగిపోయింది. ఎవరింటికెళ్ళినా తెరిచున్న తలుపు మూసేవాడు. అలమర మూసేవాడు. ఒకసారి చుట్టాలింట్లో ఎవరో ఆవులిస్తుంటే చెయ్యి అటు వెళ్ళబోయింది, అక్క పట్టుకుని ఆపింది.

“అల్లుడుగారు నీతో ప్రేమగా ఒక్క మాటైనా మాట్లాడరేమే?” అని అమ్మ అడిగినందుకు అక్క ఇచ్చిన జవాబు ఇప్పటికీ మా ఇళ్ళలో చెప్పుకుంటారు. ఆ జవాబు ఇది: “నేను ఆయన భార్యనని ఎక్కడో పైన ఒకసారి రాసేసుకున్నారమ్మా. ఇంక కింద మళ్ళీ మళ్ళీ చెప్పక్కర్లేదు.”

ఆయన విద్య ఆయన్ని ఏడిపించిన రోజులూ ఉన్నాయి. ఒకసారి వైరింగు పుస్తకంలో ఒక పేజీ ఎంతకీ రాలేదు. పొద్దున మొదలుపెట్టిన వెతుకులాట మధ్యాహ్నం దాటింది. అన్నానికి రమ్మంటే రాడు. నేను అలాంటి పేజీయే కట్టేసి, టీ తాగి, కునుకు కూడా తీసి లేచాను. అప్పుడు గదంతా దద్దరిల్లేలా అరిచాడు: “దొరికాడు దొంగ! మీసాలు గీయించుకుని కూర్చున్నాడు!”

మీసాల బ్రాకెట్టు ఉండాల్సినచోట మామూలు బ్రాకెట్టు పడిందట.

“నాది ఎప్పుడో అయిపోయింది బావా” అన్నాను.

“నీది అయిపోయింది. నాది పూర్తయింది. రెండూ ఒకటి కాదు.”

తర్వాత కొత్త మేనేజరు వచ్చాడు. మర్యాదస్తుడు, గొంతు పెంచని మనిషి. అందర్నీ కూర్చోబెట్టి, ఇకమీదట అన్ని పుస్తకాలూ వర్డ్ ప్రాసెసర్‌లోనే కట్టాలన్నాడు. అందరూ తలాడించారు. బావ ఆడించలేదు.

“అందరికీ ఒకటే పద్ధతి ఉంటే ఒకరు లేకపోయినా ఇంకొకరు పని అందుకుంటారు కదండీ. మీరు రేపు రాకపోతే మీ పుస్తకం ఎవరు తెరవగలరు?” అని అడిగాడు మేనేజరు. న్యాయమైన ప్రశ్నే.

“రేపు వస్తా” అన్నాడు బావ.

“ఎల్లుండి?”

“ఎల్లుండీ వస్తా.”

“ఎప్పటికీ వస్తారా?”

“మీకేమైనా అభ్యంతరమా?”

గదిలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. మేనేజరు నవ్వలేదు. “కారణం చెప్పండి. సరైన కారణం ఒక్కటి చెబితే ఆలోచిస్తాను.”

బావ నోరు తెరిచాడు. నాకు తెలిసి జీవితంలో మొదటిసారి, తెరిచిన నోరు ఏమీ అనకుండా మూశాడు. మళ్ళీ తెరిచి, “నేను అందులో కట్టను. అంతే” అన్నాడు.

“అయితే కుర్చీ ఖాళీ చేయాల్సి ఉంటుంది.”

“ఖాళీయే” అని లేచాడు. నేరుగా తన బల్ల దగ్గరికెళ్ళి కీబోర్డు పీకాడు. అది ఆయన సొంత కీబోర్డు. వాలుగీత మీట మీద గీత అరిగిపోయి బోడిగా మెరుస్తూ ఉంటుంది. దాన్ని చంకలో పెట్టుకుని బయల్దేరాడు. వైరు వెనకాల తోకలా ఈడ్చుకుంటూ వెళ్ళింది. గుమ్మం దాటినవాడు మళ్ళీ వెనక్కి వచ్చాడు. మెత్తబడ్డాడనుకున్నాం. తలుపు మూసి వెళ్ళిపోయాడు.

ఆయన చేతిలో ఉన్న నర్సుల పాఠ్యపుస్తకం నా నెత్తిన పడింది. మందులు, మోతాదులు, ఎంత బరువున్న రోగికి ఎంత ఎక్కించాలి, అన్నీ పట్టికలే. వర్డ్ ప్రాసెసర్‌లోకి ఎక్కించి, ముందు కొన్ని అధ్యాయాలు అచ్చు తీసి, ప్రూఫు చూడ్డానికి కామా పిన్నికి పట్టుకెళ్ళాను.

కామా పిన్ని అంటే కొన్నేళ్ళుగా మా సంస్థలో బావ కట్టే పుస్తకాలకి మాత్రమే ప్రూఫులు దిద్దే పెద్దావిడ. నాకు పిన్ని కాదు, ఆఫీసంతటికీ పిన్ని. తప్పిపోయిన కామాని వాసన పట్టి కనుక్కుంటుందని ఆ పేరు. చివరి గదిలో ఒక్కతే కూర్చుంటుంది. బావ తన ప్రూఫులు తనే సంచిలో పెట్టుకుని తీసుకెళ్ళేవాడు, ఇంకెవర్నీ మోయనిచ్చేవాడు కాదు. అదీ ఆయన పిచ్చిలో భాగమే అనుకునేవాళ్ళం.

పిన్ని నా కాగితం అందుకుంది. ముక్కుదాకా తెచ్చుకుంది. కిటికీవైపు తిప్పింది. కింద పెట్టింది.

“ప్రింటరు బాగుచేయించారా బాబూ?”

“ఎప్పుడు పాడైంది పిన్నీ?”

ఆవిడ నావైపు చూసింది. చూసింది అనుకున్నాను. చూపు నా చెవి పక్కనుంచి పోయింది. తర్వాత చిన్నగా నవ్వింది.

“అయితే నీక్కూడా చెప్పలేదన్నమాట. కూర్చో.”

కొన్నేళ్ళ కిందట పిన్నికి చూపు తగ్గడం మొదలైంది. కళ్ళజోడుకి లొంగే జబ్బు కాదు. పెద్ద అక్షరాలు ఆనతాయి, చిన్నవి అలుక్కుపోతాయి. ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు కాగితాన్ని ఇలాగే కిటికీవైపు తిప్పుకుంటుంటే గుమ్మంలో మా బావ నిలబడి ఉన్నాడట. ఏమీ అడగలేదు. మర్నాడు ఆయన తెచ్చిన ప్రూఫులో ఒక్కో అక్షరం ఉసిరికాయంత ఉంది. పేరా పేరాకీ పక్కన ఒక అంకె.

“ఏంటిదని అడిగా. ‘ప్రింటరు పాడైందండీ, పెద్దగా కొడుతోంది, ఏమనుకోకండి. తప్పు దొరికితే పక్కనున్న అంకె చెప్పండి, దిద్దుకుంటా’ అన్నాడు. ఆ ప్రింటరు ఇప్పటికీ బాగవలేదు నాయనా. పాపం, బాగుచేయించమని నేనూ అడగలేదు.”

బల్లమీదున్న నా ప్రూఫు చూసుకున్నాను, ఆవగింజలంత అక్షరాలు.

“ఇది నర్సుల పుస్తకం. మోతాదులో దశాంశం చుక్క జారితే ప్రాణం జారుతుంది. చూడకుండా నేను సంతకం పెట్టను. మేనేజరుగారితో నేనే చెప్పేస్తాలే, నా పని అయిపోయిందని” అంది పిన్ని.

“ఒక్క గంట ఆగు పిన్నీ” అని పరిగెత్తాను. అక్షరాలు పెద్దవి చేయడం ఎంతసేపు? మొత్తం పట్టుకుని సైజు పెంచాను. పట్టికలు కడుపు పగిలినట్టు పేజీలోంచి బయటికొచ్చాయి. మందు పేరు ఒక పేజీలో, దాని మోతాదు ఇంకో పేజీలో పడ్డాయి. బొమ్మ ఒకటి పక్కకి జరిపితే దాని కిందున్న మాటలు వేరే బొమ్మ కిందకి చేరాయి. పిల్లల మోతాదు పెద్దవాళ్ళ వరసలో కూర్చుంది. ఒకటి సరిచేస్తే రెండు చెడ్డాయి. గంట దాటింది. నేను కంప్యూటరు ఆపకుండానే బావ ఇంటికి బయల్దేరాను.

అక్క గుమ్మంలోనే ఎదురొచ్చింది. “వచ్చావా? తీసుకుపో నాయనా ఈయన్ని! పొద్దున్నుంచీ వంటింట్లో డబ్బాలకి మూతలు జతచేస్తున్నారు. మూత దొరకని డబ్బా పారేస్తానంటున్నారు.”

“నేను రాను. ఆ మేనేజరు కాళ్ళబేరానికొచ్చినా రాను” అన్నాడు బావ లోపల్నుంచి.

“ఆయన రాలేదు. పిన్ని ప్రింటరు సంగతి చెప్పింది.”

బావ చేతిలో ఉన్న డబ్బా కింద పెట్టాడు. “ఎవరితోనైనా అన్నావా?”

“లేదు.”

“మీ అక్కతో?”

“నాకు ముందే తెలుసు” అంది అక్క. “నిద్దట్లో ‘పిన్నిగారూ, ప్రింటరు పాడైందండీ, పాడైందండీ’ అని కలవరిస్తుంటే మరుసటిరోజు పిన్నినే అడిగి కనుక్కున్నా.”

బావ ఒక మూత తీసుకుని డబ్బాకి బిగించాడు.

“మీటింగులో ఈ ఒక్క మాట చెబితే సరిపోయేదిగా బావా?” అన్నాను.

“ఏం సరిపోతుంది? మీ మేనేజరు చెడ్డవాడైతే చెప్పేవాణ్ణే. ఆయన మంచివాడురా. జాలిపడతాడు. వీడ్కోలు సభ పెడతాడు. నాలుగు మంచిమాటలు చెప్పి, కారెక్కించి, ఇంటిదగ్గర దింపిస్తాడు. చెడ్డవాళ్ళతో దెబ్బలాడొచ్చు. మంచివాళ్ళ చేతిలో పడితే తప్పించుకోలేం. అందరూ నన్ను మొండివాడనుకుంటే ఎవరికి నష్టం?”

“అయితే ఇదంతా పిన్ని కోసమేనా?”

“కాదులే. పిచ్చి ముందునుంచీ ఉంది. కానీ ఆ బ్రాకెట్లతో విసుగెత్తి వదిలేద్దామనుకున్న రోజు కూడా ఒకటుంది. ఆరోజే ఆవిడ కిటికీ దగ్గర కనపడింది. నా పద్ధతిలో అయితే ఒక్క లైను మారిస్తే చాలు, పుస్తకం మొత్తం పెద్దదవుతుంది, పట్టిక చెక్కుచెదరదు. ఇంక ఎలా వదలమంటావు?”

“పిన్ని మేనేజరు దగ్గరికి వెళ్తానంటోంది బావా. పని మానేస్తానని చెప్పడానికి.”

బావ చెప్పులేసుకోవడం కూడా చూడలేదు నేను. కీబోర్డు చంకలో పెట్టుకుని అప్పటికే వీధిలో ఉన్నాడు.

మేం వెళ్ళేసరికి పిన్ని మేనేజరు గదిలో కూర్చుని ఉంది. ఆవిడ మాట మొదలుపెట్టేలోపే బావ దూసుకెళ్ళి బల్లకి అడ్డంగా నిలబడ్డాడు.

“సార్, మీరు కారణం అడిగారు. చెప్తున్నా. నాకు ఎలకంటే భయం.”

“ఎలకా?”

“మౌసు సార్. ఆ ఆకారం చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. చిన్నప్పట్నుంచీ ఉంది.”

మేనేజరు బల్లమీద తన చెయ్యి కిందున్న మౌసువైపు చూసుకున్నాడు. “మరి ఇప్పుడు దానికి జానెడు దూరంలో నిలబడ్డారే?”

“ధైర్యం చేశా సార్. ఇంకో కారణం కూడా ఉంది. నాకు కుడిచెయ్యి...”

పిన్నికి నవ్వు ఆగలేదు. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. “ఇంక చాలు నాయనా, నీకు అబద్ధం చేతకాదు. ప్రింటరు ఒక్కటే కుదిరింది నీకు” అని, మేనేజరు వైపు తిరిగి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. చివర ఒక మాట చేర్చింది. “నాకు చూపు తగ్గింది. నా చేతికింద వచ్చిన పుస్తకాల్లో తప్పులు పెరిగాయేమో చూసుకోండి. పెరిగితే నేనే వెళ్తా. పెరగకపోతే మాత్రం ఎవరు పంపినా వెళ్ళను. వీడ్కోలు సభ పెట్టినా రాను.”

మేనేజరు బావవైపు తిరిగి, “నర్సుల పుస్తకం పెద్దక్షరాల్లో రావడానికి ఎంతసేపు పడుతుంది?” అన్నాడు.

బావ తన బల్ల దగ్గరికెళ్ళి కీబోర్డు తగిలించి, ఏదో ఒక లైను మార్చి, మీట నొక్కాడు. మేమంతా చుట్టూ నిలబడ్డాం. ఏమీ రాలేదు. బావ తెరలోకి వంగి, ఒక మీసాల బ్రాకెట్టు మూసి, మళ్ళీ నొక్కాడు. ప్రింటరు మొదలైంది. ఉసిరికాయలంత అక్షరాలు. ప్రతి మందు పక్కనా దాని మోతాదు, కదలకుండా, తన వరసలో తాను.

పిన్ని అక్కడే కుర్చీ లాక్కుని కూర్చుంది. కాసేపటికి, “ఈ అంకె దగ్గర రచయిత చుక్క మరిచిపోయాడు. పిల్లలకి పదింతలు ఎక్కుతుంది మందు” అంది. మేనేజరు ఆ కాగితం తీసుకుని, చూసి, ఆవిడకే తిరిగి ఇచ్చాడు. “మీ గదిలోకి ఇంకో దీపం పెట్టించమంటారా?” అన్నాడు, అంతే.

బావకి మాత్రం ఒక షరతు పెట్టాడు. ఆయన రాని రోజున పని ఆగకుండా ఆ విద్య నాకూ నేర్పాలని.

“వీడికా? మౌసు లేకపోతే వీడు మంచినీళ్ళు కూడా తాగలేడు సార్!” అన్నాడు బావ. కానీ నేర్పాడు. తిట్టి తిట్టి నేర్పాడు. ఆఫీసు నోటీసులు నేనిప్పటికీ వర్డ్ ప్రాసెసర్‌లోనే కొడతాను, పుస్తకాలు మాత్రం ఆయన పద్ధతే. ఆ విషయం ఆయన ముందు ఒప్పుకోను. ఒప్పుకుంటే భరించలేం.

ఆ తర్వాత ఒక సాయంత్రం అందరూ వెళ్ళిపోయారు. నేను గొడుగు మరిచిపోయి వెనక్కొచ్చాను. మేనేజరు బావ బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో ఏవో కాగితాలు, వాటిని చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని, ఇంకా దూరం పెట్టడానికి చెయ్యి చాలక అవస్థ పడుతున్నాడు. గొంతు తగ్గించి, “మీరు కట్టిన ఈ నెల నివేదిక... నాకూ ఒక కాపీ అలా... ఎవరికీ తెలియకుండా...” అంటున్నాడు. బావ ఒక్క ప్రశ్న వేయలేదు, ఒక లైను మార్చి మీట నొక్కాడు. మేనేజరు ఆ వేడివేడి కాగితాలు చుట్టి కోటు లోపల దాచుకుని, నన్ను దాటుకుని గబగబా వెళ్ళిపోయాడు.

దారిలో బావనడిగాను. “మేనేజరు ఏంటి బావా, నీ దగ్గరికొచ్చాడు?”

“ఎవరు? మేనేజరా? రాలేదే.”

“నా కళ్ళతో చూశాను.”

బావ ఆగి, నా మొహంలోకి జాలిగా చూశాడు.

“కళ్ళు ఒకసారి చూపించుకోరా” అన్నాడు.